చప్పిడి నాలుక

వంటగది కిటికీలోంచి మా అమ్మాయి కనిపిస్తోంది. చిన్న చెంచాతో సాసు తీసి నాలుక మీద వేసుకుని, కళ్ళు సగం మూసి, ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత కుదిరిందన్నట్టు తల ఊపుతోంది. ఆ తల ఊపడం అబద్ధమని ఈ హోటల్లో నాకొక్కదానికే తెలుసు. దానికి రుచి తెలియదు. పోయిన చలికాలంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ దాని వాసనా రుచీ మూటగట్టుకుని పోయింది. తేనె అయినా, వెనిగరైనా, మాడిన వెన్న అయినా దాని నోటికి అన్నీ గోరువెచ్చటి నీళ్ళే. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ ముక్క చెప్పడానికి అంత పెద్ద బల్ల, అంత పెద్ద కుర్చీ దేనికో నాకర్థం కాలేదు. కాలు విరిగినవాడు కూర్చుని చేసే పనేదైనా వెతుక్కుంటాడు, గొంతు పోయినవాడు చేతులతో బతుకుతాడు, నాలుక చచ్చిన వంటమనిషికి ఎవరు పనిస్తారు? అందుకే ఎవరికీ చెప్పలేదు. టోపీ ఆయనకి అసలే చెప్పలేదు. టోపీ ఆయనంటే ఈ హోటలు యజమాని, ఫ్రెంచి వంట నేర్చుకుని వచ్చినవాడు, పొయ్యి దగ్గర చెమటలు కారుతున్నా ఆ పక్కకి వాలిన టోపీ తియ్యడు. మన తిండిలో పస తగ్గిందని జనం అంటున్నారని కొన్నాళ్ళుగా మొహం ముడుచుకుని తిరుగుతున్నాడట. ఈ మధ్యాహ్నం మా అమ్మాయి సొంతంగా కట్టిన బర్గరు బోర్డెక్కింది. జనానికి నచ్చితే పొయ్యి దానిది. నచ్చకపోతే రేపటినుంచి అక్కడ ఇంకొకరు నిలబడతారు, నువ్వు వేరేచోట చూసుకో అని మొహం మీదే చెప్పాడట. చెప్పి టోపీ సర్దుకున్నాడట.

నేను గోడవార బల్ల దగ్గర కూర్చున్నాను. ఇది ఒకప్పుడు సైకిళ్ళు బాగుచేసే కొట్టు, నేల మీద నూనె మరకలు ఎంత కడిగినా పోలేదు, వాటినే అందం అనుకుని వదిలేశారు. ఏ కుర్చీ ఇంకో కుర్చీలా ఉండదు. నాకు దొరికినదానికి ఒక కాలు పొట్టి, వెనక్కి వాలితే పడతానేమో, పడితే వెనకున్న గాజు అద్దం పగిలి మెడలో గుచ్చుకుంటుందేమో అని ముందుకి వంగి కూర్చున్నాను. పెద్ద పొయ్యి, దానికి రబ్బరు గొట్టం, ఆ గొట్టం ఎప్పుడు మార్చారో, ఇంతమందికీ బయటికి వెళ్ళడానికి ఒక్కటే తలుపు. ఇలాంటివి నేను వెతుక్కోను, అవే వచ్చి నా కంట్లో పడతాయి. మందుల కంపెనీలో మాత్రలు అట్టపెట్టెల్లో సర్దే పని నాది. ప్రతి పెట్టెలోనూ ఒక మడత కాగితం పెడతాం, అందులో ఈ మాత్ర వల్ల ఏమేం రావచ్చో ఉంటుంది. నాకొచ్చిన చదువు బడిలో సగం దాకానే, అయినా కూడబలుక్కుంటూ ఆ కాగితాలన్నీ చదివేశాను. మొదట కడుపు నొప్పి అంటారు, తర్వాత తల తిరగడం అంటారు, చివర్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో మరణం అంటారు. లోకంలో దేనికైనా ఆఖరి వరస అదే. మా అమ్మాయి నవ్వేది, అమ్మా నువ్వు ప్రతిదీ చివరి వరస నుంచి చదువుతావని. ఇప్పుడు నవ్వడం లేదు.

ఇక్కడ బల్లల మీద ఉప్పు ఉండదు. అది టోపీ ఆయన పెట్టిన పద్ధతి. వంట చేసినవాళ్ళు వేసిన ఉప్పే ఉప్పు, దాని మీద తినేవాళ్ళు చెయ్యి చేసుకోకూడదు, ఉప్పు అడిగితే వంటమనిషి చెంప మీద కొట్టినట్టేనని ఆయన అంటాడట. అలాగని అడిగినవాళ్ళని పొమ్మనలేరు కాబట్టి హోటలంతటికీ ఒక్క గాజు సీసా, వంటగది కిటికీ గట్టు మీద, అందరికీ కనిపించేలా పెట్టారు. ఎవరైనా అడిగితే వడ్డించే పిల్ల కిటికీ దగ్గరికి వెళ్ళి ఉప్పు అని చెప్పి మరీ తీసుకెళ్ళాలి, లోపల చేసినవాళ్ళకి అది వినపడాలి. ఆ సీసా రోజంతా కదలకపోతే ఆ రోజు పండగట వాళ్ళకి. మంచి పద్ధతే, నాకు నచ్చింది కూడా, ఉప్పు ఎంత కంటికి దూరంగా ఉంటే మనిషికి అంత ఆయుష్షు అనుకునేదాన్ని నేను.

బోర్డు మీద మా అమ్మాయి బర్గరు పేరు ఫ్రెంచిలో రాశారు, చదవలేకపోయాను. సంగతి మాత్రం నాకు తెలుసు, దాని పుట్టుక నా వంటింట్లోనే. ఫ్రెంచివాళ్ళకి ఉల్లిపాయల సూపు ఒకటుంది, ఉల్లిపాయల్ని గంటల తరబడి వెన్నలో మగ్గబెట్టి, మాంసం నీళ్ళు పోసి, పైన రొట్టె, చీజు వేసి కాలుస్తారు. దాన్ని తిరగేసి బర్గరు చెయ్యాలని మా అమ్మాయి ఆలోచన. వెన్న బాగా పోసిన మెత్తటి బన్ను, దాని కింద పెళుసెక్కేలా కాల్చిన చీజు పొర, దాని కింద ఇటికరంగు తేలిన ఉల్లిపాయ ముద్ద, దాని కింద మాంసం తట్టి కాల్చిన ప్యాటీ, పక్కన చిన్న కప్పులో అదే సూపు, ముంచుకు తినడానికి. బన్ను కదలకుండా నడిమధ్య ఒక కత్తి నిలువుగా గుచ్చి ఇస్తారు. ఆ కత్తి చూసి నా ప్రాణం ఎగిరిపోయింది. ఎవడైనా ఆబగా వంగితే కన్ను పోదూ? అడిగితే, ఎవరూ కత్తిని కళ్ళతో తినరమ్మా అంది.

రాత్రి పని అయ్యాక చిన్న చిన్న సీసాల్లో సాసులూ సూపూ ఇంటికి తెచ్చేది. నేను రుచి చూసి చెప్పాలి. పులుపు ఎక్కువైంది, ఇందులో వైను ఘాటు పోలేదు, ఇది కాస్త మాడింది, అని. హోటలు నుంచి తెచ్చుకున్న ఉప్పు కొంచెం కొంచెంగా వేస్తూ పోయేది, నేను చాలు అన్న చోట ఆగిపోయేది. ఆగిన చోట చిన్న త్రాసు మీద తూకం చూసుకుని, ఆ తూకమే మర్నాడు వంటగదిలో పెద్ద గిన్నెకి లెక్క కట్టేది. నువ్వు చాలు అను చాలమ్మా, మిగతాది నేను చూసుకుంటాను అనేది. నాకా రోజుల్లో ఎంత గర్వమో చెప్పలేను, చెప్పుకోడానికి మనిషీ లేడు. పని దొరికిన మర్నాడే స్నేహితురాళ్ళతో వేరే గది తీసుకుని వెళ్ళిపోయిన పిల్ల, పండక్కో పబ్బానికో వచ్చినా నా వంట ముట్టకుండా దారిలో తిని వచ్చానమ్మా అనే పిల్ల, జ్వరంతో నా దగ్గరికొచ్చి, తగ్గాక కూడా వెళ్ళలేదు. నా పక్కన పీట వేసుకుని కూర్చుని, నేనేం చెప్తానా అని నోరు తెరుచుకుని చూసేది. దాని నాలుక చచ్చిపోతేనే నా నాలుకకి విలువ వచ్చింది. అలా అనుకోకూడదు, పాపం. అనుకున్నాను.

పక్క బల్ల దగ్గర ఎదురు వీధి దర్జీ, అతని తమ్ముడు. వారానికోసారి వస్తారట, కొత్తది ఏది పెట్టినా మొదట వాళ్ళకే వెళ్తుందట, దర్జీ నోరు బాగుందంటే వీధి వీధంతా వస్తుందట. మెడలో టేపు తియ్యకుండానే వచ్చాడు. బోర్డు వైపు చూసి, దీని పేరు పలికేసరికి ఆకలి చచ్చేలా ఉంది, ఆ ఉల్లిపాయ మేడ ఒకటి నాకూ ఒకటి వీడికీ తీసుకురా తల్లీ అన్నాడు. ప్లేట్లు రాగానే తమ్ముడు కత్తి వైపు చూసి, అన్నయ్యా ఇది తినాలా చంపాలా అన్నాడు. ముందు నీ మాట చంపరా, చల్లారిపోతుంది అన్నాడు దర్జీ. లోపలినుంచి మా అమ్మాయి చూస్తోంది, చేతిలో గరిటె కదలడం లేదు. దర్జీ కత్తి తీసి పక్కన పెట్టి రెండు చేతుల్తో ఎత్తి కొరికాడు. నమిలాడు. ఇంకోసారి నమిలాడు. గొంతుకి అడ్డం పడిందా, పొలమారుతుందా, మాంసం లోపల పచ్చిగా ఉందా. దర్జీ మింగి, కప్పులో ముంచి మళ్ళీ కొరికి, వేళ్ళు తుడుచుకుని, వడ్డించే పిల్ల వైపు చూసి మెల్లగా అడిగాడు, కొంచెం ఉప్పు ఇస్తావామ్మా అని.

పిల్ల కిటికీ దగ్గరికి వెళ్ళి ఉప్పు అంది. సీసా కదిలింది. నాకు అతని మీద ఒళ్ళు మండింది. ముసలాడికి నోరు మొద్దుబారి ఉంటుంది, పొగతాగే వాళ్ళకి రుచి తెలియదు, ఆ వయసులో అంత ఉప్పు తింటే రేపో మాపో మూతి వంకరపోతుంది అనుకున్నాను. మా అమ్మాయి నా వైపు చూసింది. కనుబొమలు పైకెత్తి అడిగింది. అప్పటికి నా ప్లేటూ వచ్చింది. నేను కొరికాను. అమృతంలా ఉంది. ఇన్నేళ్ళ తర్వాత బయట కూర్చుని తినడం అదే మొదలు. ఉల్లిపాయల తీపి, చీజులో ఉప్పదనం, వెన్న, అన్నీ దేనికది విడివిడిగా తెలుస్తున్నాయి, ఎక్కడా ఒకదాన్ని ఒకటి తొక్కడం లేదు. ఉప్పు సరిగ్గా, సరిగ్గా ఉంది. ఇంకో రవ్వ పడినా చేదెక్కేది. బొటనవేలు పైకెత్తి చూపించాను. అది నమ్మింది. తల తిప్పుకుని పనిలో పడింది. నమ్మక ఏం చేస్తుంది, నా నోరు తప్ప దానికి ఇంకో నోరు లేదు.

ఉప్పు అంది మళ్ళీ పిల్ల. కిటికీ పక్క బల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు, బ్యాంకు ఉద్యోగాలనుకుంటా, మెడలో కార్డులున్నాయి. వాళ్ళ తర్వాత వెనక బల్ల. సీసా గట్టు మీద నిలవడం మానేసింది, ఈ చేతినుంచి ఆ చేతికి పోతోంది. మొదట్లో పిల్ల ఉప్పు అని పైకే అనేది, తర్వాత గొంతు తగ్గించింది, ఆ తర్వాత అనడం మానేసి మా అమ్మాయి మొహం చూడకుండా తీసుకుపోయింది. అది ఇంకా బాధగా ఉంది. టోపీ ఆయన లోపలినుంచి వచ్చి వంటగది గుమ్మానికి జారబడి, చేతులు కట్టుకుని సీసా ఎటు పోతోందో చూస్తున్నాడు. మా అమ్మాయి మళ్ళీ చెంచా తీసింది, మళ్ళీ నాలుక మీద వేసుకుంది, మళ్ళీ తల ఊపింది. ఈసారి ఆ తల ఊపుడు చూడలేకపోయాను. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు గానీ ఇంతమంది జిహ్వలూ ఒక్కటై నా ఒక్కదాని జిహ్వ వేరైతే ఏమనాలి? జనానికి నోళ్ళు చెడిపోయాయనుకున్నాను. బయట తిండి తిని తిని, ప్యాకెట్లలో ఉప్పు మెక్కి మెక్కి. అప్పుడు దర్జీ తమ్ముడు, పాపం చెడ్డవాడు కాదు, అన్నగారి చెవిలో అన్నాననుకుని కొంచెం పైకే అన్నాడు, అన్నీ బానే ఉన్నాయన్నయ్యా, కానీ ఆసుపత్రి కూడులా ఉంది అని.

ఆసుపత్రి కూడు. నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మా ఆయనకి మొదటిసారి చెయ్యీ కాలూ పడిపోయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు మూడు పూటలా ఆ తిండే. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ చెప్పింది, ఉప్పు తగ్గించండి, లేకపోతే రెండోసారికి మనిషి మిగలడు అని. తగ్గించడమంటే ఎంతో చెప్పలేదు. నేను అడగలేదు. తగ్గిస్తే పోతాడేమోనని భయపడే మనిషి తగ్గించి ఊరుకుంటుందా, ఇంట్లోంచే తీసేశాను. డబ్బా ఎత్తి బయట పారేశాను. మీ ఇద్దరికీ వేరే వండుకో అన్నాడాయన. రెండు గిన్నెలు పెడితే ఆయన చెయ్యి రెండో గిన్నెలోకి పోదని ఏమిటి నమ్మకం? అందరికీ ఒకటే చప్పిడి. పిల్ల బడినుంచి వచ్చి పక్కింట్లో దూరేది, వాళ్ళ వంటింట్లో గచ్చు మీద కూర్చుని అరచేతిలో ఉప్పు పోయించుకుని నాకుతోందని పక్కింటావిడ నవ్వుతూ చెప్తే వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఇంత తిండికి ఎంత బెంగ. ఆయన చాలా ఏళ్ళు బతికాడు. ఒకసారి చొక్కా ఉతుకుతుంటే జేబులో కాగితం పొట్లం తగిలింది, ఉప్పు, చెమటకి గడ్డకట్టింది. ఒక్క మాటా అనకుండా నీళ్ళలో కలిపేశాను. చివరికి ఆయన పోయింది రక్తపోటుతోనూ కాదు, గుండెతోనూ కాదు. ఆయన పనిచేసే కంపెనీ మెట్ల మీద కాలు జారి. కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటూ డాక్టరు, బీపీ మాత్రం చాలా చక్కగా ఉంచారమ్మా అన్నాడు. మెచ్చుకోలు. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనను. మెట్లకి నేనేం పథ్యం పెట్టను?

ఆయన పోయాక నాకోసం ఉప్పు కొనాలన్న ఆలోచనే రాలేదు. ఒక్కదాన్నే వండుకున్నాను, కంపెనీకి డబ్బా కట్టుకున్నాను, బయట ఎక్కడా తినలేదు, ఎవరి చేతి వంటో ఏ నీళ్ళో అని. అలవాటైన నాలుకకి చప్పిడే రుచి. అమ్మాయి జ్వరంతో వచ్చింది, అదే చప్పిడి వండిపెట్టాను. తిన్నది. ఏమీ అనలేదు. ఆ చప్పిడి పడకే కదా ఇల్లు వదిలింది, ఇప్పుడు మారుమాట లేకుండా తింటోంది, బుద్ధి వచ్చింది, తల్లి చేతి వంట విలువ తెలిసింది అని మురిసిపోయాను. దానికి రుచే తెలియదన్న సంగతి నాకు తెలుసు. రోజూ రాత్రి దానికోసం సాసులు నాకుతున్నది నేనే. అయినా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. ఏ నాలుకనుంచి అది పారిపోయిందో ఆ నాలుకే తెచ్చుకుని తన నెత్తిన పెట్టుకుంది, పెట్టుకుంటున్నట్టు దానికీ తెలియదు, నాకూ తెలియదు. రవ్వంత ఉప్పుకే సముద్రం అనే నోరు నాది. నేను చాలు అన్న చోటల్లా అది ఆగింది. కొన్నాళ్ళుగా తిండిలో పస తగ్గిందన్నది అందుకే. టోపీ ఆయన మొహం ముడుచుకున్నది అందుకే. నేనన్న ఒక్కొక్క చాలుతోనూ దాని పొయ్యి కింద మంట నేనే తగ్గిస్తూ వచ్చాను.

హోటల్లో ఇంకా సగం మందికి ప్లేట్లు వెళ్ళలేదు. వాకిట్లో నిలబడ్డవాళ్ళున్నారు. ఇప్పుడు చెప్తే ఇంకా దారి ఉంది. ఎలా చెప్పను? లేచి వంటగదిలోకి వెళ్తే గుమ్మంలో టోపీ ఆయన, ఏమిటమ్మా అంటాడు, ఏమంటాను, మీ వంటమనిషికి రుచి తెలియదు, నాకూ తెలియదు అంటానా? సైగ చేద్దామంటే బొటనవేలు పైకెత్తడం ఒక్కటే మా మధ్య సైగ, వద్దు అన్నదానికి సైగ పెట్టుకోలేదు, అవసరం వస్తుందనుకోలేదు. ఊరికే కూర్చుంటే? కూర్చుంటే దాని పని పోతుంది, పోతే ఏమవుతుంది, ఇంట్లో నా దగ్గర ఉంటుంది, కత్తులూ మంటలూ లేకుండా, రాత్రిళ్ళు ఎదురుచూసే పని లేకుండా, నా కంటి ముందు. ఆ ఆలోచన ఎంత మెత్తగా వచ్చి కూర్చుందో, ఎంతసేపు కూర్చోనిచ్చానో నాకే తెలియదు. ఈలోగా ఇంకో రెండు ప్లేట్లు బయటికి వచ్చాయి. చూస్తుంటే పని పోయిన మా అమ్మాయి నా వంటింట్లో పీట మీద కూర్చుని, చప్పిడి అని తెలియని చప్పిడి తింటూ, ఏళ్ళ తరబడి తింటూ కనిపించింది. నేను చెయ్యెత్తాను. వడ్డించే పిల్ల వచ్చింది. ఏం కావాలాంటీ అంది. ఉప్పు అన్నాను. దానికి నేనెవరో తెలుసు, నిలబడిపోయింది. వెళ్ళి చెప్పి తీసుకురా, అక్కకి వినపడేలా చెప్పు అన్నాను.

ఉప్పు అంది పిల్ల కిటికీ దగ్గర. ఎవరికి అని అడిగినట్టుంది మా అమ్మాయి. పిల్ల నా వైపు చూపించింది. ఇంతమంది అడిగినా పొయ్యి వదలని మా అమ్మాయి అప్పుడు గరిటె కింద పెట్టేసింది. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ టోపీ ఆయన్ని దాటుకుని బయటికి వచ్చి, సీసా తనే తెచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. చూసేవాళ్ళకి తల్లి పక్కన కాసేపు కూర్చున్నట్టే ఉంటుంది. పెదవులు కదలకుండా మాట్లాడింది.

"ఎంత తగ్గింది?"

"నాకు తెలియదే."

"తెలియకపోవడమేంటి? రోజూ నువ్వేగా చెప్తున్నావు."

"ఇంట్లో నేను ఉప్పు వెయ్యను."

"నాన్న పోయాక కూడానా?"

"ఆ డబ్బా పారేసినప్పట్నుంచి మళ్ళీ కొనలేదు."

అది నా ప్లేటు వైపు చూసింది, సగం తిన్న బర్గరు వైపు, కప్పు వైపు. తర్వాత అడిగింది, నేనొచ్చాక కూడానా అని. అవునన్నట్టు తల ఊపాను. నవ్వింది, చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదిలాయి. పక్కవాళ్ళు చూస్తే అమ్మ ఏదో హాస్యమాడింది కాబోలు అనుకుంటారు. నీ చప్పిడే తింటున్నానన్నమాట ఇన్నాళ్ళూ అంది. తిని నీకు దండం పెట్టుకుంటున్నాను, అన్నం పెడుతున్నావని. నేను ఏదో అనబోయాను, ఆరోగ్యం అనో, మంచికే అనో. చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి అచ్చం వాళ్ళ నాన్నది, వేళ్ళు కురచ. సూపు కప్పు ముందుకి జరిపి, సీసా మూత తిప్పి, చిటికెడు తీసి కప్పులో వేసి కలిపింది.

"తాగు."

తాగాను. ఉప్పగా ఉంది, కానీ మింగగలిగాను. ఇంకో చిటికెడు వేసింది. తాగు అంది. ఈసారి గొంతు పట్టుకుంది, చాలు అన్నాను. అలవాటుగా వచ్చేసింది. నువ్వు చాలు అనడం నాకిక అక్కర్లేదమ్మా అంది. గొంతు పెంచలేదు, అరిచినా బాగుండేది. ఇంకో చిటికెడు. నోరు మండిపోయింది, చెవుల వెనక నరాలు కొట్టుకున్నాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఇంత ఉప్పు ఏ మనిషైనా మింగుతాడా, మింగి బతుకుతాడా అనిపించి కాగితపు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఊసేశాను. అది నా మొహమే చూస్తోంది. కప్పు వైపు కాదు, నోటి వైపు కాదు, మొత్తం మొహం. చూసి, కప్పు తీసుకుని లేచింది. లేచి, మళ్ళీ వంగింది.

"నీకు మింగుడు పడనిదే జనానికి రుచన్నమాట. ఇకనుంచి నువ్వు ఊసేదాకా వేస్తాను."

ఆ కప్పు తిన్నగా దర్జీ ముందు పెట్టింది, ఇది కొత్తగా కలిపింది బాబాయ్, ఒకసారి చూడండి అని. నేను తాగిన కప్పే, ఎంగిలి అని అరవబోయి నోరు మూసుకున్నాను. దర్జీ అందులో బన్ను ముక్క ముంచి నోట్లో పెట్టుకున్నాడు. కప్పు దగ్గరికి లాక్కున్నాడు. తమ్ముడు చెయ్యి చాపితే ఆ చేతి మీద ఒకటి వేసి, నీది నువ్వు తెప్పించుకోరా, ఆసుపత్రి కూడు అన్నావుగా అన్నాడు. మా అమ్మాయి అంతవరకే చూసి లోపలికి వెళ్ళిపోయింది. త్రాసు బయటికి తీయడం, పెద్ద గిన్నెలో ఏదో పోయడం, ఉల్లిపాయల్లో కూడా, సాసులో కూడా, చకచకా కలపడం కిటికీలోంచి కనిపించింది. చెంచా నోటిదాకా తీసుకెళ్ళే నాటకం ఈసారి ఆడలేదు. నా వైపు చూడలేదు.

తర్వాత వెళ్ళిన ప్లేట్లకి ఎవరూ ఉప్పు అడగలేదు. సీసా నా బల్ల మీదే ఉండిపోయింది, దాన్ని గట్టు మీద పెట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు. ప్లేట్లు తుడిచినట్టు తిరిగి వెళ్తున్నాయి. బ్యాంకు ఆడవాళ్ళు వేళ్ళు నాక్కుంటున్నారు. నేను మాత్రం మొహాలు చూస్తున్నాను. దర్జీ నుదుటి మీద చెమట పట్టింది, ఇది కారమూ కాదు, ఎండా లేదు, మరి ఎందుకు పట్టింది? అతని ఎడమ చెయ్యి ఒక్కసారి బల్ల మీద జారితే కుర్చీలోంచి సగం లేచాను, రుమాలు కోసమట. వెనక బల్ల దగ్గర లావుపాటాయన మెడ తడుముకుంటున్నాడు. వీళ్ళందరికీ ఇళ్ళల్లో ఎవరెవరు ఉన్నారో, సాయంత్రానికి ఎవరి తలుపు ఎవరు కొడతారో, ఆ ఉప్పు తూకం నా మొహంలోంచి తీసిందే కదా. టోపీ ఆయన గుమ్మంలోనే నిలబడి మా అమ్మాయితో అన్నాడు, రేపూ ఇదే పెట్టి చూద్దాం, రేపటి సంగతి రేపు, అసలు మొదటి ప్లేట్లకి ఏమొచ్చింది అని. తూకం తప్పాను అందది. నీకలా తప్పడమేంటి అన్నాడు. ఇక తప్పదు అంది. నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదేమో, కనీసం మాట్లాడుకోడానికి ఒక మాట మిగిలేది.

నీళ్ళు తాగుతున్నాను, ఎంత తాగినా నోట్లో ఉప్పు పోవడం లేదు. రేపు అంటే రేపు, ఎల్లుండి అంటే ఎల్లుండి, పూటకో గండం. దాని నాలుక తిరిగి వస్తే నేను అక్కర్లేదు, రాకపోతే రోజూ ఇదే. ఏది కోరుకోవాలో తల్లికి తెలియాలి, నాకు తెలియడం లేదు. వడ్డించే పిల్ల వచ్చింది, చేతిలో చిన్న గిన్నె, గుడ్డు సొనతో వెన్నతో చేసిన పసుప్పచ్చటి సాసు, రేపటికట. పక్కన చెంచా, మడిచిన కాగితపు రుమాలు. అక్క చెప్పమందాంటీ, నోట్లో వేసుకుని ఊసెయ్యమంది, మింగొద్దంది, మీ వయసుకి అంత ఉప్పు మంచిది కాదట అంది. కిటికీ వైపు చూశాను. పని ఆపి నిలబడి ఉంది, కళ్ళార్పకుండా నా మొహాన్నే చూస్తోంది, పుట్టి ఇంతదైనా ఇంతసేపు నా మొహంలోకి ఎన్నడూ చూడలేదు. చెంచా నిండా తీసుకున్నాను. నిప్పులా ఉంది. దానికి ఎంత తెలియాలో అంతా తెలిసేలా మొహం చిట్లించాను, రుమాలు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుని, దాని వెనక మింగేశాను.